గ్రాండ్ బీచ్, విన్నిపెగ్ సరస్సు: ఏ నెలలో దిగొచ్చు, ఏ గాలికి ఒడ్డునే ఆగాలి

తీర్పు ముందే. జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా, గాలి లేని రోజు చూసుకుని పొద్దున్నే వెళ్తే, కెనడాలోని మానిటోబాలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డునున్న గ్రాండ్ బీచ్‌కి ఐదుకి నాలుగున్నర మార్కులు వేయొచ్చు. అదే నెలలో ఉత్తరపు గాలి రెండు రోజులు కొట్టిన మర్నాడు వెళ్తే ఐదుకి రెండు వేయడానికీ మనసొప్పదు. ఇసుక అదే, పార్కింగ్ అదే, థర్మామీటర్లో అంకె మహా అయితే రెండు మూడు డిగ్రీలు తగ్గి ఉంటుంది. మారేదల్లా గాలి. ఈ బీచ్ గురించి అడిగేవాళ్లందరూ "నీళ్లు వెచ్చగా ఉంటాయా" అనే మొదలుపెడతారు. "గాలి ఎటు నుంచి ఉంది" అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

విన్నిపెగ్ నగరం నుంచి 59వ నంబరు హైవే మీద ఉత్తరంగా వెళ్లి 12వ నంబరు హైవేకి మళ్లాలి. మొత్తం సుమారు 100 కిలోమీటర్లు, వారాంతం కాకపోతే గంటా పావు ప్రయాణం. శని ఆదివారాల్లో ఎండ బాగా ఉంటే పదకొండు దాటాక పార్కింగ్ దొరకడం కష్టం. ఒకప్పుడు నగరం నుంచి ఇక్కడికి నేరుగా రైలే ఉండేది. ఇప్పుడు కారే గతి. పార్కు ప్రవేశ పర్మిట్ నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు మానిటోబా పార్కుల సైట్‌లో ఒకసారి చూసుకోండి.

సరస్సు సంగతి కాస్త తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి 416 కిలోమీటర్ల పొడవు, సుమారు 24,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. అంత పెద్ద నీటికి సగటు లోతు 12 మీటర్లే. గ్రాండ్ బీచ్ ఉన్న దక్షిణ భాగంలో సగటు పది మీటర్లు కూడా ఉండదు. హిమయుగం చివర కరిగిన మంచు నీటితో ఏర్పడిన ఆగసీజ్ అనే మహా సరస్సు వెనక్కి తగ్గుతూ మిగిల్చిన నీళ్లివి. చుట్టూ చదునైన గడ్డిమైదానం, గాలిని ఆపే కొండ ఒక్కటీ లేదు. సాసర్‌లో పోసిన టీని తలచుకోండి. గ్లాసులో టీ కంటే ఎంత త్వరగా చల్లారుతుంది! ఒక్కసారి ఊదితే టీ మొత్తం అవతలి అంచుకి ఎలా ఎక్కుతుంది! ఈ సరస్సు చేసేదీ ఆ రెండే. ఎండ కాస్తే చకచకా వేడెక్కుతుంది, చలిగాలి వీస్తే అంతే త్వరగా చల్లబడుతుంది, గాలి ఎటు నెడితే అటు ఒరుగుతుంది.

విన్నిపెగ్ అన్న పేరు క్రీ భాషలో మురికి నీళ్లు, బురద నీళ్లు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. పేరు పెట్టినవాళ్లు చూసే పెట్టారు. దక్షిణ భాగంలోకి రెడ్ నది ఒండ్రు తెచ్చి కలుపుతుంది, అలలు అడుగున ఉన్నదాన్ని కెలుకుతాయి. అందువల్ల నీళ్లు గోధుమరంగులో ఉంటాయి. నడుము లోతులో నిలబడితే మీ పాదాలు మీకు కనిపించవు. ఇది మురుగు కాదు, మట్టి. రంగు చూసి ముఖం తిప్పుకోనక్కర్లేదు. అయితే ఆ రంగు వల్ల వచ్చే ప్రమాదం ఒకటుంది: మునిగిన పిల్లవాడు మూడడుగుల దూరంలో ఉన్నా కనబడడు. దీని గురించి కింద మళ్లీ చెప్తాను.

నెలల వారీగా నీళ్లు

కింద చెప్పే అంకెలు నడుము లోతులో, మామూలు సంవత్సరంలో ఉండేవి. ఒక్కో ఏడాది వారం పది రోజులు అటూ ఇటూ జరుగుతాయి.

నవంబరులో సరస్సు గడ్డకడుతుంది. చలికాలమంతా పైన దాదాపు మీటరు మందాన మంచు. దక్షిణ భాగంలో అది విడిపోయేది సాధారణంగా మే మొదట్లోనో నడిమికో. మే మూడో వారంలో విక్టోరియా డే సెలవు వస్తుంది, గాలిలో 25 డిగ్రీలు ఉండొచ్చు, జనం చొక్కాలు విప్పి ఇసుకలో కూర్చుంటారు. నీళ్లు మాత్రం 8 నుంచి 12 డిగ్రీలు. ఏడాది మొత్తంలో అత్యంత మోసకారి వారం ఇదే. ఎండ వేడికి ఒళ్లు కాలుతుంటే నీళ్లు కూడా వెచ్చబడి ఉంటాయని అనిపిస్తుంది. మోకాలి లోతు దాటకండి.

జూన్ మొదటి సగంలో 13–16. జూన్ చివరికి 17–19. పిల్లలు దిగుతారు, పది నిమిషాల్లో పెదాలు నీలంగా చేసుకుని పైకొస్తారు. జులై మొదటి వారంలో 19–21. జులై 15 నుంచి ఆగస్టు 15 దాకా 21–23, వరుసగా ఎండలు కాస్తే 24 కూడా పడుతుంది. ఆగస్టు చివరికి 19–20కి దిగిపోతుంది. సెప్టెంబరు మొదటి సోమవారం, లేబర్ డే నాటికి ఇక్కడి సీజన్ అయిపోయినట్టే. అయినా సెప్టెంబరు రెండో వారం దాకా 15–17 డిగ్రీలుంటుంది. వెట్‌సూట్, అంటే ఒంటి వేడి పోకుండా ఆపే రబ్బరు సూట్, ఉన్నవాళ్లకి మంచి రోజులవి. జనం ఉండరు, దోమలుండవు. అక్టోబరులో పదికి దిగువన.

మన వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ అంకెల్ని ఒక కొలతతో పోల్చుకోవాలి. ఆంధ్ర, తెలంగాణల్లో బావి నీళ్లు ఏడాది పొడవునా 27–28 డిగ్రీల దగ్గర ఉంటాయి. విన్నిపెగ్‌లోని ఇండోర్ ఈతకొలనులు కూడా దాదాపు అంతే. బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నా, ఇండోర్ కొలనులో నేర్చుకున్నా, మీ ఒంటికి అలవాటైనది ఆ వేడి. ఇక్కడ బ్రహ్మాండమైన రోజు కూడా దానికంటే ఐదారు డిగ్రీలు తక్కువ. నీళ్లు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి కాబట్టి ఆ ఐదారు డిగ్రీలు చిన్న తేడా కాదు. అక్కడ గంటసేపు ఈదినవాళ్లు ఇక్కడ మొదటిసారి ఇరవై నిమిషాలే అనుకుని దిగాలి.

నీటి వేడిని స్వయంగా కొలవాలంటే పిల్లల స్నానానికి వాడే థర్మామీటర్ చాలు. నడుము లోతుకి నడిచి, ఉపరితలానికి ఒక అడుగు కింద రెండు నిమిషాలు పట్టుకోండి. ఒడ్డున చీలమండ లోతులో ముంచితే తప్పు అంకె వస్తుంది. మధ్యాహ్నం ఎండకి ఆ పలుచటి నీళ్లు 26–27 చూపిస్తాయి, ఇరవై అడుగులు ముందుకెళ్తే 21. పాదం పెట్టి చూసి దూకేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఇంటి దగ్గర నుంచే తెలుసుకోవాలంటే కెనడా ప్రభుత్వ వాతావరణ శాఖ ఎన్విరాన్‌మెంట్ కెనడా దక్షిణ భాగంలో తేలేసి ఉంచే కొలత పరికరం, 45140 నంబరు బోయా, వివరాలు చూడండి. మంచు లేని కాలంలో అది నీటి వేడి, అలల ఎత్తు, గాలి దిశ, వేగం చెప్తుంది. అది సరస్సు నడుమ ఉంటుంది కాబట్టి ఎండ రోజుల్లో ఒడ్డు దగ్గర ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. వేడి ఎలా ఉన్నా, అలల ఎత్తు కోసమైనా అది చూడాలి.

గాలి

గ్రాండ్ బీచ్ సరస్సుకి తూర్పు ఒడ్డున ఉంది. కాబట్టి పడమటి గాలి, వాయవ్యపు గాలి నేరుగా బీచ్ మీదికే వస్తాయి. దక్షిణ భాగం ఉత్తర దక్షిణాలుగా వంద కిలోమీటర్లకి దగ్గర్లో సాగి ఉంటుంది. వాయవ్యం నుంచో ఉత్తరం నుంచో వచ్చే గాలికి పరుగెత్తడానికి అంత ఖాళీ దొరుకుతుంది. లోతు లేని నీటి మీద అంత దూరం గాలి తోస్తే పుట్టే అలలు సముద్రపు అలల్లాంటివి కావు. విశాఖ ఆర్కే బీచ్‌లోనో సూర్యలంకలోనో ఒక అల వచ్చి విరిగాక రెండోది రావడానికి కాస్త వ్యవధి ఉంటుంది, ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ మూడు నాలుగు సెకన్లకొకటి, పొట్టిగా, నిటారుగా వచ్చి ముఖాన కొడుతుంది. ఎత్తు మీటరే ఉన్నా ఊపిరి అందదు. ఎడమ పక్కకి ఊపిరి తీసుకునేవాళ్లు కుడి పక్కకి కూడా తీసుకోవడం వస్తేనే అలలున్న రోజు దిగాలి.

నా లెక్క ఇది. పడమర, వాయవ్యం, ఉత్తరం నుంచి గంటకి 15 కిలోమీటర్ల లోపు గాలి అయితే అందరూ దిగొచ్చు. 15 నుంచి 25 మధ్య పిల్లల్ని మోకాలి లోతులోనే ఉంచాలి, పెద్దవాళ్లు ఛాతీ లోతు దాటకూడదు. 25 దాటితే చూడ్డానికి బాగుంటుంది, ఈతకి కాదు. సరస్సు పడవలవాళ్ల కోసం ఎన్విరాన్‌మెంట్ కెనడా విడిగా వాతావరణ సూచన ఇస్తుంది. అందులో బలమైన గాలుల హెచ్చరిక ఉంటే, అంటే 20 నాట్లు, గంటకి 37 కిలోమీటర్లు దాటే గాలి ఉంటే, ప్రయాణమే మానుకోండి.

తూర్పు గాలి, ఆగ్నేయపు గాలి ఉన్న రోజు నీళ్లు అద్దంలా ఉంటాయి. చెట్లు అడ్డుండటం వల్ల ఒడ్డున గాలి ఉన్నట్టే తెలియదు. ఈ రోజుల్లో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది: గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంది కాబట్టి గాలి నింపిన ట్యూబులు, రబ్బరు పరుపులు, ప్యాడిల్‌బోర్డులు ఎవరికీ తెలియకుండా సరస్సు నడుమకి జరిగిపోతాయి. యాభై మీటర్లు దాటాక చెట్ల చాటు పోయి గాలి వేగం పెరుగుతుంది. ట్యూబు మీదున్న పిల్లవాడు చేతులతో కొట్టుకుంటూ వెనక్కి రాలేడు, వెంట ఈదే పెద్దవాళ్లు దాన్ని అందుకోలేరు. తూర్పు గాలి రోజు గాలిబొమ్మలు కారులోంచి తీయనే వద్దు. తీయాల్సి వస్తే పది మీటర్ల తాడు కట్టి, రెండో కొస ఒడ్డున నిలబడ్డ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. జారిపోయిన బంతి కోసం ఎవరూ ఈదకూడదు. బంతి పది డాలర్లు.

ఇక మొదట చెప్పిన సాసర్ సంగతి. ఉత్తరపు గాలి గట్టిగా, గంటలకొద్దీ వీస్తే సరస్సు నీళ్లు దక్షిణానికి ఎగదన్నుతాయి. పెద్ద తుఫానుల్లో దక్షిణ తీరాల్లో నీటిమట్టం మీటరు దాకా పెరిగిన సందర్భాలున్నాయి. మామూలు గాలికి కూడా అడుగు పెరగడం కొత్తేమీ కాదు. ఆ రోజు బీచ్ వెడల్పు సగమవుతుంది. నిన్న నడుము లోతున్న చోట ఇవాళ ఛాతీ లోతు. గాలి ఆగగానే ఎగదన్నిన నీళ్లు వెనక్కి జారతాయి. పడమటి బీచ్‌కీ తూర్పు బీచ్‌కీ మధ్య, వెనకాల ఉన్న మడుగుని సరస్సుతో కలిపే చిన్న కాలువ ఉంది. అది చూడ్డానికి పిల్లలాడుకునే తొట్టిలా ఉంటుంది. మట్టం మారే వేళ అందులో నీళ్లు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి పారతాయి. బయటికి పారేటప్పుడు అందులో పిల్లల్ని వదలకండి.

బీచ్ అడుగు నెమ్మదిగా దిగుతుంది, చాలా దూరం నడిచినా మునగరు. కానీ నేల ఒకే వాలుగా ఉండదు. ఒడ్డుకి సమాంతరంగా ఇసుక మేటలు, వాటి మధ్య పల్లాలు. నడుము లోతు, తర్వాత మోకాలి లోతు, తర్వాత ఒక్కసారి భుజాల లోతు. ఈత రానివాళ్లు మేట మీద నిలబడి ధైర్యం వచ్చి వెనక్కి నడిచేటప్పుడు పల్లంలో పడతారు. మొదటి పల్లం దాటొద్దు అన్నది ఈత రాని పెద్దవాళ్లకి కూడా వర్తిస్తుంది. అలలు గట్టిగా ఉన్న రోజు మేటకి గండి పడిన చోట నీళ్లు వెనక్కి లాగుతాయి. లాగితే ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ ధార దాటాక ఒడ్డు వైపు తిరగాలి.

శుభ్రత

నీళ్ల నాణ్యత గురించి చెప్పేటప్పుడు కూడా గాలి దగ్గరికే రావాలి. మానిటోబాలో వేసవిలో బీచ్‌ల నీళ్లు పరీక్షించి మలం నుంచి వచ్చే ఇ. కోలి బాక్టీరియా ఎంత ఉందో ప్రకటిస్తారు. దానికొక హద్దు పెట్టారు. గ్రాండ్ బీచ్‌లో ఎక్కువ రోజులు ఆ హద్దుకి లోపే ఉంటుంది. పెరిగే రోజులకి కారణమేమిటని ఇక్కడి శాస్త్రవేత్తలు వెతికితే దొరికింది ఒడ్డున ఉన్న తడి ఇసుక. గల్స్ అనే నీటిపక్షుల, కెనడా బాతుల రెట్టలు తడి ఇసుకలో చేరతాయి, బాక్టీరియా ఎండ తగలకుండా అందులో బతుకుతుంది. ఉత్తరపు గాలికి నీటిమట్టం పెరిగి అలలు ఆ ఇసుకని కడిగినప్పుడు అదంతా నీళ్లలోకి వస్తుంది. కాబట్టి ఎగదన్నిన రోజు, ఆ మర్నాడు, పెద్ద వాన కురిసిన మర్నాడు ఈత వద్దు. ఒడ్డున పెట్టిన బోర్డు అప్పటికి కొన్ని రోజుల కిందటి పరీక్ష ఫలితం చెప్తుంది, గాలి ఇవాళ్టిది చెప్తుంది. తెరిచిన గాయముంటే దిగొద్దు. నీళ్లు మింగొద్దు. ఇసుకలో ఆడిన పిల్లల చేతులు సబ్బుతో కడిగాకే తినడానికి పెట్టండి. చేత్తో తినే మనకి ఇది మరీ ముఖ్యం.

ఇంకో మాట. పులిహోర మిగిలింది, దద్ధోజనం మిగిలింది అని గల్స్‌కి వేయకండి. ప్రాణికి అన్నం పెడితే పుణ్యమన్న భావనతోనే చేస్తారు, తప్పుపట్టడం లేదు. కానీ వాటిని బీచ్‌కి అలవాటు చేస్తే వాటి రెట్ట నేరుగా మన పిల్లలు ఆడుకునే ఇసుకలోకే చేరుతుంది. మిగిలింది డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్లండి.

రెండోది నాచు. అందరూ నాచు అనేస్తారు గానీ ఇది నిజానికి సయనోబాక్టీరియా, విషం విడుదల చేయగల బాక్టీరియా. పొలాల నుంచి, ఊళ్ల నుంచి నదులు మోసుకొచ్చే భాస్వరం దీనికి ఎరువు. అందులో పెద్ద వాటా రెడ్ నదిది. ఈ కారణంగానే 2013లో గ్లోబల్ నేచర్ ఫండ్ ఈ సరస్సుని ఆ ఏటి ప్రమాదంలో పడ్డ సరస్సుగా ప్రకటించింది. ఇది ఎక్కువగా ఆగస్టులో, సెప్టెంబరు మొదట్లో, వరుసగా వేడిగా, నిశ్చలంగా ఉన్న రోజుల తర్వాత తేలుతుంది. అప్పుడు మెల్లటి పడమటి గాలి దాన్ని తీసుకొచ్చి ఒడ్డున పేరుస్తుంది. అంటే ఈతకి అత్యంత హాయిగా కనిపించే రోజునే ఇది ఎదురుకావచ్చు. గుర్తుపట్టడం ఎలా? ఆకుపచ్చ పెయింట్ డబ్బా ఒలికినట్టుంటుంది. ఒక పుల్లతో ఎత్తి చూడండి. జుట్టులా పోగులుగా వేలాడితే మామూలు నాచు, భయం లేదు. పుల్లకి రంగు పూసినట్టు అంటుకుని జారిపోతే దిగొద్దు, పిల్లల్ని, కుక్కని అటు పోనివ్వొద్దు. దీని విషం మరగబెట్టినా పోదు కాబట్టి ఆ నీళ్లతో వంటపాత్రలు కూడా కడగకండి. పొరపాటున తగిలితే మంచినీళ్లతో ఒళ్లు కడిగి, స్విమ్‌సూట్ మార్చేయాలి.

మూడోది దురద. నత్తల నుంచి వెలువడే అతి సూక్ష్మమైన పురుగులు బాతుల కోసం వెతుకుతూ మనిషి చర్మంలో దూరి అక్కడే చచ్చిపోతాయి. ఎర్రటి దద్దుర్లు లేచి నాలుగైదు రోజులు దురద పెడతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఒడ్డు దగ్గర వెచ్చటి పలుచటి నీళ్లలోనే ఇవి ఎక్కువ. నీళ్లు ఒంటిమీద ఆరేలోపే దూరతాయి కాబట్టి పైకి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకోవాలి. ఎండకి ఆరనివ్వడమే తప్పు.

జూన్ చివర, జులై మొదట్లో ఫిష్‌ఫ్లైలు అనే రెక్కల పురుగులు గుట్టలుగా రాలి ఉంటాయి. చేపల కంపు తప్ప వాటివల్ల హాని లేదు, కుట్టవు. మే, జూన్‌లలో గడ్డిలో నడిస్తే పిడుదులు పట్టుకుంటాయి, సాయంత్రం పిల్లల చెవుల వెనక, జుట్టులో వెతకండి. ఇసుక దిబ్బలు ఎక్కొద్దని కంచె వేసిన చోట తాకితే దద్దుర్లు తెచ్చే మూడాకుల పాయిజన్ ఐవీ మొక్కలు కూడా ఉంటాయి. తాకితే వెంటనే సబ్బు, చల్లటి నీళ్లు.

ఏం వేసుకోవాలి, ఎంతసేపు ఉండాలి

21 దాటితే మామూలు స్విమ్‌సూట్ చాలు. 17–20 మధ్య ఇరవై నిమిషాలు దాటి ఈదాలనుకుంటే 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్. 15–17 మధ్య దానికి తోడు నియోప్రీన్ టోపీ, చెవులకి ప్లగ్గులు. ప్రపంచ స్థాయి ఓపెన్ వాటర్ పోటీల్లో కూడా 16 డిగ్రీల లోపు నీళ్లలో పోటీ పెట్టరు, 18 లోపు అయితే వెట్‌సూట్ తప్పనిసరి చేస్తారు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకే ఆ హద్దు ఉన్నప్పుడు, ఏడాదికి నాలుగుసార్లు దిగేవాళ్లు దాన్ని దాటాల్సిన పని లేదు.

15 లోపు నీళ్లలో హఠాత్తుగా పడితే ఏమవుతుందో తెలియాలి. మొదట తెలియకుండానే ఒక్కసారి ఊపిరి లోపలికి లాక్కుంటాం, తర్వాత రొప్పు. ఆ మొదటి ఊపిరి వేళ ముఖం నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీటిపై దశాబ్దాలు పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ జనంలోకి తెచ్చిన సూత్రం 1-10-1. మంచులాంటి నీళ్లలో పడ్డవాడికి ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే చలి చంపే లోపే ఊపిరి తప్పో, చేతులు పని చేయకో మునిగిపోతారు. లైఫ్ జాకెట్ ఉంటేనే ఆ గంట మిగులుతుంది. మే, జూన్‌లలో పడవ ఎక్కేవాళ్లు జాకెట్ సీటు కింద పెట్టడం కాదు, జిప్ వేసుకుని కూర్చోవాలి.

వేసవిలో కూడా దూకకుండా దిగండి. మోకాళ్ల దాకా నడిచి, మెడ వెనక, ముఖం మీద నీళ్లు చల్లుకుని, ఊపిరి మామూలయ్యాక భుజాలు ముంచండి. రెండు నిమిషాల పని. దూరం ఈదేవాళ్లు ఒడ్డుకి సమాంతరంగా, నిలబడితే అందే లోతులో ఈదాలి. నడుముకి కట్టుకునే నారింజరంగు తేలే బెలూన్ వేసుకుంటే పడవలవాళ్లకి, ఒడ్డున ఉన్నవాళ్లకి కనిపిస్తారు. గోధుమరంగు నీళ్లలో నల్ల టోపీ అసలు కనబడదు, పచ్చదో గులాబీరంగుదో కొనండి.

మన కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక విషయం. చుడీదార్‌తోనో, చీరతోనో, జీన్స్‌తోనో దిగడం మామూలే. మోకాలి లోతు దాకా ఫర్వాలేదు. నడుము దాటితే తడిసిన చున్నీ, కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుని అడుగు పడనివ్వవు. ఒళ్లు కప్పుకోవాలంటే మోకాళ్ల దాకా లెగ్గింగ్, పొడుగు చేతుల ఈత చొక్కా (రాష్‌గార్డ్) దొరుకుతాయి, ఎండ కూడా తగలదు. పిల్లల చేతులకి తొడిగే గాలి రెక్కలు లైఫ్ జాకెట్ కావు. ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఆమోదం ఉన్న జాకెట్ లోపల ఎంత బరువు పిల్లలకో రాసి ఉంటుంది, అది చూసి కొనండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా జారకూడదు.

సీజన్‌లో ఒడ్డున భద్రతా సిబ్బంది ఉంటారు. పిల్లల మీద కన్ను మాత్రం మనదే. పదిమంది పెద్దవాళ్లున్న గుంపులో అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడరు. పావుగంటకొకరు చొప్పున వంతు వేసుకోండి, వంతులో ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉండాలి. నీళ్లు ఆ రంగులో ఉన్న చోట దూరం నుంచి చూడటం చూడటం కాదు.

ఈత వచ్చని ఎవరైనా అంటే పరీక్ష సులువు. కెనడా లైఫ్‌సేవింగ్ సొసైటీ పెట్టిన కనీస కొలత ఇది: లోతు నీళ్లలోకి దొర్లి పడి, ఒక నిమిషం నిలువీత కొట్టి, ఆపైన 50 మీటర్లు ఈదాలి. కొలనులో ఇది ఆగకుండా చేయగలిగితే సరస్సులో ఛాతీ లోతుకి వెళ్లొచ్చు. చేయలేకపోతే చలికాలంలో కొలనులో నేర్చుకోండి, అందుకు ఇక్కడ ఆర్నెల్ల టైముంది.

పైకి వచ్చాక, ముఖ్యంగా 18 లోపు నీళ్లలో ఈదాక, పది పదిహేను నిమిషాలకి వణుకు మొదలైతే కంగారు పడొద్దు. చేతులు కాళ్లలోని చల్లటి రక్తం లోపలికి చేరడం వల్ల ఒంటి లోపలి వేడి ఇంకా కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది. తడిబట్టలు తీసి, ముందు పైభాగం కప్పుకుని, టోపీ పెట్టుకుని, ఫ్లాస్క్‌లో తెచ్చుకున్న తియ్యటి టీ తాగండి. వేడినీళ్ల షవర్ వెంటనే వద్దు, కళ్లు తిరుగుతాయి. వణుకు పూర్తిగా ఆగేదాకా స్టీరింగ్ పట్టుకోవద్దు.

ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు కార్లోనే ఉండాలి, చెట్ల కింద కాదు. తుఫానులు సాధారణంగా పడమర నుంచి వస్తాయి, బీచ్ నుంచి చూస్తే నీటి అవతల నల్లగా లేవడం ముందే కనిపిస్తుంది.

ఇతర సరస్సులతో పోలిస్తే? వైట్‌షెల్ పార్కులోని వెస్ట్ హాక్ సరస్సు ఉల్క పడిన గుంతలో ఏర్పడింది, 115 మీటర్ల లోతు, నీళ్లు తేటగా ఉంటాయి. జులైలో పైన వెచ్చగా ఉంటుంది గానీ కొన్ని మీటర్లు మునిగితే చలి కత్తిలా తగులుతుంది. రైడింగ్ మౌంటెన్ జాతీయ పార్కులోని క్లియర్ లేక్ కూడా పేరుకి తగ్గట్టు తేట, కానీ చల్లన. గ్రాండ్ బీచ్‌లో గాలి నీటిని పైనుంచి కింది దాకా కలిపేస్తుంది కాబట్టి అడుగున చలి పొర పొంచి ఉండదు, మునిగినా అదే వేడి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి, ఇసుక కావాలనుకునేవాళ్లకి గ్రాండ్ బీచ్‌కే నా ఓటు. నీటి అడుగున చూస్తూ ఈదాలనుకుంటే వెస్ట్ హాక్.

కాళ్లకి రబ్బరు చెప్పులు తప్పనిసరి. 2013లో ఈ సరస్సులో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. గోరంత పెంకులు, అంచులు బ్లేడులా ఉంటాయి, ఒడ్డున వరసలుగా పేరుకుంటాయి. వీటివల్ల రెండో నష్టం కూడా ఉంది. వీటి పిల్లలు కంటికి కనబడవు, తడి ప్యాడిల్‌బోర్డు మీద, గాలి పడవ మడతల్లో, పిల్లల బకెట్ అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లలో వేరే సరస్సుకి ప్రయాణం చేస్తాయి. మానిటోబాలో పడవలు, బోర్డులు సరస్సు దగ్గరే శుభ్రం చేసి, నీళ్లు వంచేసి, ఆరబెట్టాలన్నది చట్టం. గాలి తీసి మడతపెట్టే ముందు మడతలన్నీ విప్పి తుడవండి, ఇంటికెళ్లాక గరాజ్‌లో కాకుండా ఎండలో పూర్తిగా ఆరబెట్టండి, వచ్చే వారం వెస్ట్ హాక్‌కి వెళ్లే ఆలోచన ఉంటే మరీను.